కిరీటం పెట్టిన మర్నాటి నుంచి

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మధ్యాహ్నం అన్నాలై, గిన్నెలు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళకి మన కార్యక్రమం వస్తుంది. ఈ వేళప్పుడు ఏ ఆవకాయ గురించో, పిల్లల దగ్గు గురించో చెప్పకుండా అందాల పోటీల గురించి చెబుతానంటే, "ఈవిడకి ఇవాళ ఏవైంది?" అనుకుంటారేమో. అనుకోండి, ఫరవాలేదు. నేనూ మొన్నమొన్నటి దాకా ఆ పోటీలంటే టీవీ కట్టేసి లేచిపోయే మనిషినే.

కారణం చెబుతాను. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలు మన హైదరాబాదులో జరిగాయి కదా. 31వ తేదీన థాయ్‌లాండు అమ్మాయి ఓపల్ సుచాత కిరీటం పెట్టించుకుంది. అంతకు ముందు ఆ దేశదేశాల అమ్మాయిలు రామప్ప గుడి చూడబోయినప్పుడు మన ఆడవాళ్ళ చేత వాళ్ళ కాళ్ళు కడిగించి తుడిపించారని పెద్ద గొడవైంది. అతిథి మర్యాద అన్నారు కొందరు. మనవాళ్ళని చిన్నబుచ్చడం అన్నారు ఇంకొందరు. మా ఇంట్లోనూ ఆ రాత్రి అదే చర్చ. మావారు కంచం ముందు కూర్చుని, "వీళ్ళకి సేవ చెయ్యడానికి ఇంతమంది ఉన్నారు, సరే. కిరీటం పెట్టుకున్నాక వీళ్ళు ఎవరికైనా సేవ చేస్తారా, లేకపోతే సబ్బుల ప్రకటనల్లో నవ్వుతారా?" అన్నారు. మా అన్నయ్య కూతురు అప్పుడు మా ఇంట్లోనే ఉంది. "చేస్తారు మావయ్యా. మన బెజవాడ వాళ్ళ అమ్మాయే చేసింది, అమెరికాలో" అంది.

మా మేనకోడలి సంగతి ఇక్కడే ఒక్క ముక్క చెప్పాలి. ఎమ్మెస్సీ చదివింది, ఉద్యోగం చేస్తోంది, మంచి మాటకారి. మనిషి చామనచాయ. సంబంధాలు చూస్తున్నారు. వచ్చిన మొదటి రెండు సంబంధాల వాళ్ళూ జీతం అడిగారు, ఆ వెంటనే "పిల్ల రంగు ఎలా ఉంటుంది?" అని అడిగారు. ఏం చదివిందో మూడో ప్రశ్న. అందుకనే ఆ బెజవాడ వాళ్ళ అమ్మాయి కథ దానికి అంత బాగా తెలుసు కాబోలు. తన ఫోనులో చూపించింది. తర్వాత నేను దొరికినవన్నీ చదివాను. పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, ఇంగ్లీషు దగ్గర ఆగినప్పుడల్లా అదే అర్థం చెప్పింది.

ఆ అమ్మాయి పేరు దావులూరి నీనా. 2013 సెప్టెంబరు 15 రాత్రి అట్లాంటిక్ సిటీలో ఆమెకు మిస్ అమెరికా కిరీటం పెట్టారు. భారతీయ సంతతి అమ్మాయికి ఆ కిరీటం దక్కడం అదే మొదలు. అప్పటికి ఆమెకు 24 ఏళ్ళు.

మిస్ అమెరికా అంటే మిస్ వరల్డ్, మిస్ యూనివర్స్ లాంటిదే కదా అనుకుంటాం. కాదు. ఇది ఆ దేశం లోపల జరిగే పోటీ, దీని పద్ధతి వేరు. పుట్టుక మాత్రం ఏమంత గొప్పది కాదు. అట్లాంటిక్ సిటీ సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఎండాకాలం సెలవులు సెప్టెంబరు మొదట్లో అయిపోగానే యాత్రికులు మూటాముల్లే సర్దుకుని వెళ్ళిపోయేవారు. ఇంకొన్నాళ్ళు వాళ్ళని ఆపితే నాలుగు డబ్బులు వస్తాయని అక్కడి వ్యాపారులు 1921లో ఈ వేడుక మొదలుపెట్టారు. మొదట నెగ్గిన మార్గరెట్ గోర్మన్ వయసు పదహారేళ్ళు! అంటే హోటలు గదులు నింపుకోడానికి ఆడపిల్లల్ని నడిపించారన్నమాట. ఇది దాచవలసిన సంగతి కాదు, చెప్పుకోవలసిన సంగతే.

1945 నుంచి నెగ్గినవాళ్ళకి చదువు కోసం స్కాలర్‌షిప్పు ఇవ్వడం మొదలెట్టారు. ఆ మొదటి స్కాలర్‌షిప్పు, అయిదు వేల డాలర్లు, అందుకున్న అమ్మాయి బెస్ మయర్సన్. యూదుల పిల్ల. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది, యూదులు పడ్డ బాధలు లోకమంతా వింటోంది. అయినా ఆ ఏడాది ఆమె పర్యటనలో కొన్ని చోట్ల యూదులకు ప్రవేశం లేదన్నారు, ప్రకటనలిచ్చే కంపెనీలు కొన్ని మొహం చాటేశాయి. ఆమె ఆ పర్యటన మధ్యలో మానేసి, జాతి ద్వేషానికి వ్యతిరేకంగా బడుల్లో ప్రసంగాలు చెయ్యడానికి వెళ్ళిపోయింది. సేవ అన్న మాట ఈ పోటీలోకి ఎవరూ చీటీ రాసి పంపకుండానే అలా వచ్చింది.

ఇంకొక సంగతి చదివి నేను రెండోసారి చదివించుకున్నాను. ఆ రోజుల్లో ఈ పోటీ నియమాల్లో ఏడో నియమం ఒకటుండేది. పోటీ చేసే అమ్మాయి ఆరోగ్యవంతురాలై ఉండాలి, తెల్లజాతి పిల్ల అయి ఉండాలి. రాసి పెట్టుకున్న నియమం సుమండీ. 1950లో తీసేశారు. తీసేసినా నల్లజాతి అమ్మాయి ఆ వేదిక మీదకి రావడానికి 1970 దాకా పట్టింది. నెగ్గడానికి 1983 దాకా పట్టింది. అలా నెగ్గిన వనెస్సా విలియమ్స్‌కి అభినందనలతో పాటు చంపుతామని బెదిరింపు ఉత్తరాలూ వచ్చాయి. ఆమె కూడా న్యూయార్కు రాష్ట్రం నుంచి వెళ్ళినదే, ముప్పయ్యేళ్ళ తర్వాత మన నీనా వెళ్ళినట్టు.

ఇక సేవ నియమంగా మారడం వెనక ఒక నర్సు ఉంది. 1987లో నెగ్గిన కే లానీ రే రాఫ్కో క్యాన్సర్ రోగుల దగ్గర పనిచేసే నర్సు. ఏ సభకు పిలిచినా ఆమె తన గౌన్ల గురించి కాక నర్సుల కష్టం గురించి, చివరి రోజుల్లో ఉన్న రోగుల గురించి మాట్లాడేది. జనం విన్నారు. ఆ తర్వాత 1989 నుంచి పోటీకి వచ్చే ప్రతి అమ్మాయీ తాను ఏ పని కోసం ఆ ఏడాది ఖర్చు పెడుతుందో ముందే చెప్పాలని నిబంధన పెట్టారు. నాకు ఈ ముక్క చాలా నచ్చింది. పెద్దలు కూర్చుని ఆలోచించి పెట్టిన నిబంధన కాదు అది. ఒక నర్సమ్మ చేసి చూపించింది, వాళ్ళు కాగితం మీద పెట్టుకున్నారు.

ఇప్పుడు నీనా సంగతికి వస్తాను.

న్యూయార్కు రాష్ట్రంలో సిరక్యూస్ అనే ఊళ్ళో 1989లో పుట్టింది. తండ్రి ఆంధ్ర నుంచి వెళ్ళిన డాక్టరు. నెలల పిల్లగా ఉన్నప్పుడే ఆమెను విజయవాడ తీసుకొచ్చారు. రెండున్నరేళ్ళు వచ్చే దాకా అమ్మమ్మ దగ్గర, పిన్నీ పెద్దమ్మల చేతుల్లో పెరిగింది. ఆ అమ్మమ్మ ఎవరనుకున్నారు? విజయవాడలో మాంటిస్సోరి విద్యాసంస్థలు నడిపిన వేగే కోటేశ్వరమ్మగారు. ఆడపిల్లల చదువు కోసం చేసిన కృషికి ఆవిడకు 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 2019లో కాలం చేశారు. మీలో బెజవాడ వాళ్ళుంటే ఆ బళ్ళో చదివినవాళ్ళూ ఉంటారు. తర్వాత సెలవులకి వచ్చినప్పుడు కూచిపూడీ, భరతనాట్యం నేర్చుకుందట. అక్కడి చదువు మిషిగన్ విశ్వవిద్యాలయంలో, మెదడు పనితీరుకు సంబంధించిన శాస్త్రంలో డిగ్రీ.

ఆమె ఒక్కసారి నిలబడి కిరీటం ఎత్తుకుపోలేదు. పదిహేడేళ్ళప్పుడు మిషిగన్ తరఫున ఇలాంటిదే చిన్నపిల్లల పోటీకి వెళ్ళి దేశం మొత్తం మీద రెండో స్థానంలో ఆగింది. అక్కడ వచ్చిన స్కాలర్‌షిప్పు డబ్బు కాలేజీ చదువుకు పనికొచ్చింది. తర్వాత చాలా ఏళ్ళు ఆ ఊసే లేదు. ఆ మధ్యకాలంలో ఒళ్ళు వచ్చింది. అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటి పడింది. ఇంగ్లీషులో బులీమియా అంటారు. ఆకలితో పని లేకుండా ఒక్కసారిగా బోలెడు తినెయ్యడం, తర్వాత తప్పు చేసినదానిలా కుమిలిపోయి కావాలని వాంతి చేసుకోవడం. ఇది పొగరుబోతు పిల్లల వేషం కాదు, జబ్బు. పళ్ళు పాడవుతాయి, గొంతు పాడవుతుంది, రక్తంలో లవణాలు తగ్గి గుండెకే ముప్పు వస్తుంది. ఎదిగిన ఆడపిల్ల భోజనం చెయ్యగానే రోజూ స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంటే తల్లులు కొంచెం కనిపెట్టాలి. తిట్టకూడదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. నీనా ఈ సంగతి దాచుకోలేదు. తానే బయటపెట్టి మాట్లాడింది. మెల్లగా తిండి, వ్యాయామం సర్దుకుని యాభై పౌన్లకు పైగా, అంటే ఇరవై రెండు కిలోలకు పైగా తగ్గింది. అందాల పోటీకి ఒళ్ళు తగ్గించాలన్న ఒత్తిడే కొందరు పిల్లల్ని ఈ జబ్బులోకి తోస్తుందన్నది కూడా నిజమే. ఆ రెండు సంగతులూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్ని చూపించి రెండోదాన్ని దాచడం నాకిష్టం లేదు.

2012లో న్యూయార్కు రాష్ట్రం పోటీలో దిగి మూడో స్థానంతో వెనక్కొచ్చింది. మళ్ళీ 2013లో వెళ్ళి నెగ్గింది. రెండు నెలలు తిరక్కుండానే అట్లాంటిక్ సిటీ. 50 రాష్ట్రాల వాళ్ళూ, రాజధాని నుంచీ, రెండు ద్వీపాల నుంచీ వచ్చినవాళ్ళూ కలిపి 53 మంది అమ్మాయిలు.

మార్కులు ఎలా వేసేవారో విన్నారా? నూటికి 35 ప్రతిభకు, అంటే పాట, ఆట, వాద్యం, ఏదొస్తే అది. 25 తలుపులు మూసి న్యాయనిర్ణేతలు అడిగే ప్రశ్నలకు. 20 సాయంకాలపు దుస్తుల్లో నడకకు. 15 ఈతదుస్తులకు. 5 వేదిక మీద అడిగే ప్రశ్నకు. మనం టీవీలో చూసి అదే పోటీ అనుకునే ఆ ఈతదుస్తుల ముక్కకి పదిహేను మార్కులే. ఆ పదిహేను మాత్రం ఎందుకు అంటారా? నేనూ అదే అంటాను. 1968లోనే అమెరికా ఆడవాళ్ళు ఆ హాలు బయట నిలబడి, మమ్మల్ని సంతలో పశువుల్లా నిలబెట్టకండని నిరసన చేశారు. ఆ మాట ఆ హాలు లోపలికి చేరడానికి సరిగ్గా యాభై ఏళ్ళు పట్టింది. 2018లో ఈతదుస్తుల పోటీ ఎత్తేశారు. నీనా రోజుల్లో ఇంకా ఉంది. ఆమె నడిచింది.

ప్రతిభకు నీనా నాట్యం చేసింది. మన శాస్త్రీయ నృత్యపు అడుగులూ హిందీ సినిమా డాన్సూ కలిపి, 'ఓం శాంతి ఓం' సినిమాలోని 'ధూమ్ తానా' పాటకి. ఆ వేదిక మీద అంతకు ముందు అలాంటి నాట్యం ఎవరూ చెయ్యలేదు. ఇలాంటి పోటీల్లో తెలిసిన దారిన, ఏ ఇంగ్లీషు పాటకో అడుగులేస్తే సుళువు. న్యాయనిర్ణేతలకి కొత్తగా ఉంటే మెచ్చుతారో, మొహం చిట్లిస్తారో ఎవరికి తెలుసు? ఆ సుళువు దారి వదిలేసింది. మా మేనకోడలు ఆ నాట్యం చూపించినప్పుడు మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి, "కూచిపూడి కాదు గానీ, పిల్ల అడుగు గట్టిగానే వేసింది" అన్నారు. మా అత్తగారి నోట అది పెద్ద మెప్పే.

వేదిక మీద ప్రశ్న కూడా చిన్నదేం కాదు. అప్పుడే ఒక టీవీ వ్యాఖ్యాత, చైనా సంతతి ఆవిడ, ఉద్యోగంలో పైకి రావడానికి తన కళ్ళకి ఆపరేషను చేయించుకున్నానని చెప్పింది. దాని మీద నీ అభిప్రాయమేమిటని అడిగారు. అలాంటి ఆపరేషన్లకి తాను ఒప్పుకోననీ, మనిషి తానెవరో దానితో ధైర్యంగా ఉండాలనీ చెప్పింది. మిస్ అమెరికా అంటే పొరుగింటి పిల్ల అని అక్కడివాళ్ళు అనుకుంటారు. ఆ పొరుగింటి పిల్ల రూపం మారుతోంది అని కూడా అంది. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు నీనా, రెండోవారు కాలిఫోర్నియా నుంచి వచ్చిన చైనా సంతతి అమ్మాయి. ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. పేరు నీనాది పిలిచారు.

కిరీటం పెట్టిన కాసేపటికే తిట్లు మొదలయ్యాయి. ఇంటర్నెట్‌లో ఆ రాత్రే. అరబ్బు పిల్ల అన్నారు, తీవ్రవాది అన్నారు. అక్కడ సందుచివరి దుకాణాలు మనవాళ్ళు నడుపుతుంటారు కదా, ఆ దుకాణం పేరు పెట్టి వెక్కిరించారు. న్యూయార్కులో జంట భవనాలు కూల్చిన సెప్టెంబరు 11 వెళ్ళి నాలుగు రోజులైనా కాలేదు, ఈమెకి కిరీటమా అని రాశారు. ఆ పిల్ల పుట్టింది ఆ గడ్డ మీదే! విలేకరులు అడిగితే, తాను వాటికి అతీతంగా ఉండాలనీ, తాను మొట్టమొదట అమెరికన్ననే ఎప్పుడూ అనుకుంటాననీ చెప్పింది. అంతే. తిట్టినవాళ్ళని తిట్టలేదు.

కాకతాళీయమో ఏమో, పోటీకి ముందే ఆమె ఎంచుకున్న సేవ ఇదే. వేర్వేరు జాతుల, మతాల, అలవాట్ల మనుషుల్ని ఒకరినొకరు తెలుసుకునేలా చెయ్యడం. తెలియనిది మర్యాదగా అడగండి, అనుకుని కూర్చోకండి, అని పిల్లలకి చెప్పడం. తిట్టినవాళ్ళు ఆమె ప్రసంగానికి ఉదాహరణలు తామే రాసిచ్చినట్టయింది.

మర్నాడు పొద్దున్న ఆనవాయితీ ప్రకారం సముద్రంలో పాదాలు తడిపి ఫొటోలు తీయించుకుంది. ఆ తర్వాతే అసలు సంగతి. మిస్ అమెరికా అంటే ఒక ఏడాది ఉద్యోగం. ఎలాంటి ఉద్యోగమంటే, నెలకు దాదాపు 20,000 మైళ్ళ ప్రయాణం. భూమి చుట్టుకొలత 25,000 మైళ్ళు. అంటే నెలకి భూమిని ముప్పావు వంతుకు పైగా చుట్టడమన్నమాట. ఒకరోజుకో, రెండురోజులకో ఒక ఊరు. తన ఇల్లు, తన మంచం ఉండవు. పెట్టె విప్పడం, పెట్టె కట్టడం. మనం పిల్లల సెలవులకి వారం రోజులు ఊరెళ్ళి వచ్చేసరికే ఒళ్ళు హూనమై, ఉతకాల్సిన బట్టల మూట చూసి ఏడుపొస్తుంది. ఏడాది! పైగా దిగిన ప్రతిచోటా, అప్పుడే నిద్రలేచినంత తాజాగా నవ్వుతూ దిగాలి.

ఎక్కడికి వెళ్ళేదంటే, బడులకీ కాలేజీలకీ ఎక్కువ. జబ్బుపడ్డ పిల్లల ఆస్పత్రులకు. అక్కడ పిల్లల ఆస్పత్రులకు విరాళాలు పోగుచేసే పెద్ద సంస్థ ఒకటుంది, చిల్డ్రన్స్ మిరకిల్ నెట్‌వర్క్ హాస్పిటల్స్ అని. ఆ రోజుల్లో ఏ ఏడు నెగ్గిన అమ్మాయి ఆ ఏడు దానికి రాయబారి. జబ్బు పిల్లల పక్కన కూర్చోవడం సుళువని అనుకోకండి. తలమీద జుట్టు రాలిపోయిన పిల్ల కిరీటం తీసి నా తలమీద పెట్టమంటే ఎలాంటి మొహంతో పెడతామో ఒక్కసారి ఊహించుకోండి.

ఒక బడిలో జరిగింది చెబుతాను. 2014 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియాలో యార్క్ అనే ఊరి దగ్గర హైస్కూలుకు వెళ్ళింది, మనుషుల్లో వైవిధ్యం గురించి మాట్లాడ్డానికి. ప్రశ్నలడిగే వేళ ఒక పిల్లాడు లేచి, మా బడి డాన్సు వేడుకకు నాతో వస్తారా అని అందరి ముందూ అడిగి, ప్లాస్టిక్ పువ్వొకటి పట్టుకుని వేదిక దాకా వెళ్ళాడు. అలా చెయ్యొద్దని పెద్దలు ముందే హెచ్చరించారట. మూడు రోజులు శిక్ష వేశారు. నీనా ఏం చేసిందంటే, తన ప్రయాణాల వల్ల వేడుకకు రాలేనంది, కానీ ఆ శిక్ష గురించి మరోసారి ఆలోచించమని బడివాళ్ళని కోరింది. ఆ పిల్లాడు చేసింది తప్పే, పెద్దల మాట వినలేదు. అయినా పిల్లాడి పరువూ పోకుండా, బడివాళ్ళ పరువూ పోకుండా మాట్లాడ్డం ఇరవై నాలుగేళ్ళకి అందరికీ చేతనవదు. మనింట్లో అత్తగారికీ కొడుక్కీ మధ్య నిలబడి మాట్లాడే కోడలికి తెలుస్తుంది ఆ కష్టం.

కిరీటం ఉన్నవాళ్ళు వెళ్ళినచోటల్లా తమ ఇష్టం నడుస్తుందనుకోడానికి లేదు. మన రీటా ఫారియాను గుర్తుచేసుకోండి. బొంబాయిలో వైద్యం చదువుతూ 1966లో ప్రపంచ సుందరి అయింది. ఆ ఏడాది చివర ఆమెను బాబ్ హోప్ అనే హాస్యనటుడి బృందంతో వియత్నాం తీసుకెళ్ళి అమెరికా సైనికుల ముందు నిలబెట్టారు. మన దేశంలో పెద్ద అలజడి. ఏడాది ముగియగానే ఆమె మోడలింగులూ సినిమాలూ కాదని, లండనులో వైద్యం పూర్తి చేసి డాక్టరుగా బతికింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి కదా. నీనాకు స్కాలర్‌షిప్పుగా వచ్చింది 50,000 డాలర్లు. అది నిజం. కానీ ఏటా ఆడపిల్లలకు 4.5 కోట్ల డాలర్ల స్కాలర్‌షిప్పులు అందిస్తున్నామని ఆ సంస్థ చెప్పుకునేది. 2014 సెప్టెంబరులో జాన్ ఆలివర్ అనే టీవీ ఆయన లెక్కలు తీయించి, అందులో పిల్లల చేతికి నిజంగా చేరేది చాలా తక్కువని చూపించాడు. అలా చూపిస్తూనే, తగ్గించి లెక్కేసినా తమకు కనబడ్డంతలో ఆడపిల్లలకే ఇచ్చే స్కాలర్‌షిప్పుల్లో ఇదే పెద్దదని కూడా చెప్పాడు. అంత పెద్ద దేశంలో ఆడపిల్ల చదువు డబ్బు కోసం ఈతదుస్తుల్లో నడవాలా అని నాకు కడుపు మండింది. ఇక 2017 చివర ఆ సంస్థ పెద్ద రాసిన ఈమెయిళ్ళు బయటపడ్డాయి, కిరీటం పెట్టిన అమ్మాయిల గురించే నీచంగా మాట్లాడుకున్నవి. రాజీనామాలు చేశారు. ఏడాదంతా వాళ్ళ జెండా మోసి ఊరూరూ తిరిగిన పిల్లల గురించి వెనకాల అలా అనుకున్నారు.

2014 సెప్టెంబరు 14న నీనా తన కిరీటం తీసి తర్వాతి అమ్మాయి తలమీద పెట్టింది. పెట్టినదాంతో తన పని అయిపోయిందనుకోలేదు. డాక్టరు అవుతాననుకున్న పిల్ల, ఆ దారి వదిలి, రంగు గురించి మాట్లాడ్డమే పనిగా పెట్టుకుంది. 'కాంప్లెక్షన్' అని ఒక డాక్యుమెంటరీ తీయించింది, ఒంటి రంగుని బట్టి మనుషుల్ని తూచడం మీద.

ఎందుకంటే, ఆమెను తిట్టింది అమెరికావాళ్ళు మాత్రమే కాదండీ. తిట్టు కాదు గానీ అంతకన్నా నొప్పి పెట్టే మాట ఇక్కడ పుట్టింది. ఆమె నెగ్గిన వారంలోనే మన దేశంలో పత్రికల వాళ్ళూ, ఇంటర్నెట్‌లో మామూలు మనుషులూ ఒకటే మాట: ఈ అమ్మాయి ఇక్కడ పుట్టి ఉంటే ఈ రంగుతో మిస్ ఇండియా గుమ్మం కూడా ఎక్కేది కాదు. కొందరు వెక్కిరింతగా అన్నారు, కొందరు సిగ్గుపడుతూ అన్నారు. ఎలా అన్నా నిజమే అన్నారు. అమెరికావాళ్ళకి ఆమె మరీ భారతీయురాలు, మనకి మరీ నలుపు. వాళ్ళు ఆ ఏడో నియమాన్ని కాగితం మీద రాసుకుని 1950లో కొట్టేశారు. మనం ఎప్పుడూ రాసుకోలేదు, అందుకని కొట్టెయ్యడానికి ఏదీ కనబడదు. మాట్రిమొనీ కాలమ్‌లో మాత్రం వారం వారం అచ్చవుతూ వచ్చింది. పురిటిగదిలో బిడ్డని చూడగానే "పిల్ల ఎలా ఉంది?" అంటే మనం చెప్పేది బరువూ కాదు, ఆరోగ్యమూ కాదు. "వాళ్ళ నాన్న రంగు" అంటాం, ఓదార్పుగానో, సంతోషంగానో. నేనూ అన్నాను. మా మేనకోడలు పుట్టినప్పుడు ఆస్పత్రిలో మా వదినతో, "పెరిగితే రంగు తేలుతుందిలే వదినా" అన్నది నేనే. ఆ సంగతి మా వదిన మొన్న గుర్తుచేసే దాకా నాకు జ్ఞాపకమే లేదు.

2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి 'ఫెయిర్' తీసేసి గ్లో అండ్ లవ్లీ అని మార్చారు. మా వీధి చివర కొట్టబ్బాయి ఇప్పటికీ పాత పేరుతోనే అడిగి ఇస్తాడు. నేను మొన్న సెనగపిండి కోసం వెళ్తే ముందు నిలబడ్డ పిల్ల, పదమూడేళ్ళుంటాయేమో, చిన్న ట్యూబు కొనుక్కుని గుప్పిట్లో దాచుకుని పరిగెత్తింది.

మావారి ప్రశ్నకి జవాబు దొరికిందా అని అడుగుతారు మీరు. ఇదంతా ఆయనకి చెప్పాను. "బాగానే తిరిగింది పాపం" అన్నారు. ఆ పోటీ లేకుండా ఆ పిల్ల అదే మాట చెబితే ఎవరైనా వినేవారా అని తిరిగి నన్నే అడిగారు. వినేవారు కారు. ఆ సంగతే నాకు మింగుడు పడటం లేదు. మాట వినిపించాలంటే ముందు కిరీటం ఉండాలి. కిరీటం కావాలంటే ముందు నిలబడి చూపించుకోవాలి.

మొన్న ఆదివారం మా వదిన మేనకోడల్ని సంబంధాల కోసం ఫొటో తీయించడానికి తీసుకెళ్తూ నన్నూ రమ్మంది. స్టూడియో అబ్బాయి బొమ్మ కంప్యూటర్లో పెట్టి, "ఆంటీ, స్కిన్ కొంచెం లైట్ చెయ్యమంటారా? అందరూ చేయించుకుంటారు" అన్నాడు. మా వదిన నా వైపు చూసింది. నేను పిల్ల వైపు చూశాను. పిల్ల ఫోను చూసుకుంటూ, "మీ ఇష్టం" అంది. ఆ అబ్బాయి ఎందుకైనా మంచిదని రెండు రకాలూ తీసి కవర్లో పెట్టాడు. తీసిన డబ్బు ఒకదానికే తీసుకున్నాడు. రెండు ఫొటోలూ మా వదిన బీరువాలో ఉన్నాయి. ఏలూరు నుంచి ఒక సంబంధం వాళ్ళు ఫొటో పంపమన్నారట. ఏది పంపిందో నేనింకా అడగలేదు.